"మీ సక్సెస్ గురించి చెప్పండి" అని ఇంటర్వ్యూలో అడిగితే: ప్రిపరేషన్ మొదటి నుంచి చివరి దాకా

టెక్నికల్ ప్రశ్నలన్నిటికీ టకటకా చెప్పేసిన మనిషి కూడా "మీరు సాధించిన వాటిల్లో మీకు బాగా గర్వంగా అనిపించేది ఏంటి" అనగానే నీళ్ళు నమలడం ప్యానెల్లో కూర్చునేవాళ్ళకి అలవాటైన సీనే. కొంతమంది సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందేమో అని మొహమాటపడతారు, కొంతమంది గోరంతని కొండంత చేసి చెప్తారు, ఎక్కువమంది మాత్రం "మా టీమ్‌కి అవార్డు వచ్చిందండి" అని ఒక్క లైన్‌తో చేతులు దులుపుకుంటారు. మూడిట్లోనూ ఉన్న పొరపాటు ఒకటే, అవతలివాళ్ళు మీ విజయం సైజు అడుగుతున్నారనుకోవడం.

సైజు ఎవడిక్కావాలండీ. మీ పాత కంపెనీ ఎంత లాభం తెచ్చుకుందో వీళ్ళకి అనవసరం. వీళ్ళు వెతికేది ఒక్కటే, ఆ పనిలో ఎక్కడో ఒకచోట రెండు దారులు కనిపించి ఉంటాయి, అక్కడ మీరు ఏ దారి పట్టారు, ఎందుకు పట్టారు అనేది. ఆ నిర్ణయం కనిపిస్తే చిన్న విజయం కూడా బలంగా ఉంటుంది, కనిపించకపోతే ఎంత పెద్ద ప్రాజెక్ట్ చెప్పినా "సరే, ఇందులో ఈయన చేసిందేంటి" అనే మిగులుతుంది. ఇక్కణ్ణుంచి చెప్పేదంతా ఆ నిర్ణయాన్ని బయటికి తీసి మాటల్లో పెట్టడం గురించే.

ముందు: ఏ ప్రశ్న అడిగారో గుర్తుపట్టండి

సక్సెస్ అన్న మాట వినపడగానే చాలామంది బట్టీ కొట్టిన ఒకే జవాబు వదిలేస్తారు. కానీ ఆ మాట చుట్టూ నాలుగు రకాల ప్రశ్నలుంటాయి, నాలుగింటికీ ఒకే జవాబు సరిపోదు.

"మీ పెద్ద అచీవ్‌మెంట్ ఏంటి", "మీరు బాగా చేసిన ఒక పని చెప్పండి" అంటే జరిగిన కథ ఒకటి కావాలి. "మీ దృష్టిలో సక్సెస్ అంటే ఏంటి" అంటే మీరు పనిని దేంతో కొలుస్తారో కావాలి. "మీకు మీరు పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారు", "మీరు సక్సెస్‌ఫుల్ అనుకుంటున్నారా" అంటే మీ గురించి మీకెంత తెలుసో చూస్తున్నారు. "ఈ జాబ్‌లో మీరు సక్సెస్ అయ్యారని ఆర్నెల్ల తర్వాత మాకెలా తెలుస్తుంది" అంటే అసలు ఈ రోల్ మీకు అర్థమైందా అని అడుగుతున్నట్టు. కథ అడిగినప్పుడు నిర్వచనం చెప్పడం, నిర్వచనం అడిగితే పదినిమిషాల కథ ఎత్తుకోవడం, రోజూ జరిగేవి ఇవే. ఎక్కువసార్లు అడిగేది మొదటిదే కాబట్టి దాని మీదే ఎక్కువ కూర్చుందాం.

ఇంకో మాట, ఇది ఊరికే పిచ్చాపాటీగా అడిగే ప్రశ్న కాదు. చాలా కంపెనీల్లో అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్న అడిగి, ముందే రాసిపెట్టుకున్న కొలతలతో మార్కులేస్తారు, దాన్ని స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ అంటారు. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఉద్యోగుల ఎంపిక మీద దాదాపు 85 ఏళ్ళ పరిశోధనని ఒకచోట వేసి చూస్తే, మనిషి తర్వాత ఎలా పనిచేస్తాడో అంచనా వెయ్యడంలో ఇలాంటి ఇంటర్వ్యూకి 0.51, నోటికొచ్చినట్టు అడిగే ఇంటర్వ్యూకి 0.38 వచ్చింది (ఇందులో సున్నా అంటే అంచనాకి, పనికి సంబంధమే లేనట్టు, 1 అంటే అంచనా పూర్తిగా సరిపోయినట్టు). 2022లో పాల్ సాకెట్ వాళ్ళ టీమ్ ఆ లెక్కల్ని మళ్ళీ సరిచూసి స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూని 0.42కి దించారు, అయినా మిగతా పద్ధతులన్నిటి కంటే అదే పైన నిలిచింది. మనకి దీంతో పనేంటంటే, అవతలి మనిషి చేతిలో ఒక షీట్ ఉంది, మీరు మాట్లాడుతుంటే అందులో రాసుకోడానికి వాళ్ళకేదో దొరకాలి. "నేను చాలా హార్డ్‌వర్కర్‌ని" అంటే రాసుకునేదేం లేదు. "200 టికెట్లు, అంటే కస్టమర్లు పంపిన కంప్లైంట్లు, కూర్చుని చదివాడు" అంటే ఉంది.

ముడిసరుకు తవ్వుకోవడం

జవాబు రాయడానికి కూర్చునే ముందు ఒక సాయంత్రం మొత్తం దీనికే పెట్టండి. జ్ఞాపకం మీద ఆధారపడితే పోయిన నెలలో జరిగిందే గుర్తొస్తుంది, అందుకే పాత అప్రైజల్ ఫారాలు, మెయిల్లో థాంక్స్ అన్న మాట ఉన్న మెసేజులు, క్యాలెండర్, పాత రిపోర్టులు, టీమ్ చాట్లు అన్నీ తిరగేయండి (మీ దగ్గర ఇప్పటికే ఉన్నవే సుమా, కంపెనీ ఫైళ్ళు ఇంటికి కాపీ చేసుకోవడం వద్దు, అది వేరే తలనొప్పి). వెతికేటప్పుడు "నేనేం సాధించా" అని అడుక్కుంటే ఏమీ తట్టదు, ఈ ప్రశ్నలు పనికొస్తాయి: నేను రాకముందు ఎలా ఉండేది, వెళ్ళాక ఎలా ఉంది? ఎవరూ చెయ్యమనకుండా నేను చేసిందేంటి? ఇప్పటికీ టీమ్‌లో వాడుతున్న షీటో, పద్ధతో, టెంప్లేటో నేను మొదలుపెట్టిందేమైనా ఉందా? ఎవరితోనైనా మర్యాదగానే "ఇలా కాదు, అలా చేద్దాం" అని పట్టుబట్టిన సందర్భం ఏంటి?

ఆ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. పట్టుబట్టారంటే అక్కడ రెండు దారులున్నట్టే.

పదో పన్నెండో దొరికితే అందులోంచి నాలుగైదు ఉంచుకోండి, అన్నీ ఒకే రకంవి కాకుండా. ఒకటి లెక్కల్లో కనిపించే ఫలితం ఉన్నది, ఒకటి మనుషులతో వచ్చిన చిక్కు విప్పింది, ఒకటి కొత్తగా నేర్చుకుని చేసింది, ఒకటి సగంలో దారి తప్పి మళ్ళీ నిలబెట్టింది. ఇలా ఉంటే ప్రశ్న ఎటు తిరిగినా ఏదో ఒకటి అతుకుతుంది.

ఫ్రెషర్లు "నాకేం అనుభవం ఉందని" అని ఇక్కడే ఆగిపోతారు. కాలేజ్ ప్రాజెక్ట్, ఇంటర్న్‌షిప్, ఫెస్ట్‌లో స్పాన్సర్ల పని, జూనియర్లకి సబ్జెక్ట్ చెప్పడం, ఏదైనా సరే, కాకపోతే మార్కులు, ర్యాంకులు మాత్రం మెయిన్ జవాబుగా పెట్టకండి, అవి రెజ్యూమెలోనే ఉన్నాయి, పైగా అందులో నిర్ణయం కనపడదు. నలుగురి ప్రాజెక్ట్‌లో ఒకడు మధ్యలో మానేస్తే ఆ పని ఎలా పంచుకున్నారు, ఏది వదిలేద్దామన్నారు, గైడ్‌తో ఏం మాట్లాడారు, ఇది చెప్తే అసలు మనిషి కనిపిస్తాడు. కెరీర్ గ్యాప్ ఉన్నవాళ్ళకీ ఇదే, ఆ గ్యాప్‌లో చేసిన కోర్సో, వాలంటీర్ పనో, ఇంట్లో ఒకరి వైద్యం చూసుకుంటూ సంభాళించిందో ఉంటుంది. ఈ చివరిది చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం, ఎవరూ బలవంతంగా చెప్పించలేరు, చెప్తే మాత్రం జాలి కోసం కాకుండా పని ఎలా నడిపారో చెప్పండి.

ఏ కథ ఈ జాబ్‌కి పనికొస్తుంది

జాబ్ డిస్క్రిప్షన్ ప్రింట్ తీసి క్రియాపదాల కింద గీతలు గీయండి. "కోఆర్డినేట్ చెయ్యాలి", "అనలైజ్ చెయ్యాలి", "క్లయింట్లని హ్యాండిల్ చెయ్యాలి" ఇలా ఏది రెండు మూడు సార్లు వస్తే వాళ్ళకి నొప్పి అక్కడే ఉంది. మీ కథల్లో దానికి దగ్గరగా ఉన్నది ముందుకు రావాలి, అది మీకు అంత గొప్పగా అనిపించకపోయినా సరే. అమెజాన్ లాంటి చోట్ల అయితే లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ అని 16 బయటే పెట్టేశారు, ఇంటర్వ్యూ ప్రశ్నలు వాటి చుట్టూనే తిరుగుతాయి, అక్కడికి వెళ్ళేవాళ్ళు ఏ కథ ఏ ప్రిన్సిపుల్‌కి సరిపోతుందో ముందే పక్కన రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

కథని కట్టడం

స్టార్ పద్ధతి చాలామంది వినే ఉంటారు, సిట్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. 1974 ప్రాంతంలో డీడీఐ అనే అమెరికన్ సంస్థ తెచ్చింది. దానికి ఇరవై ఏళ్ళ ముందే, 1954లో, జాన్ ఫ్లానగన్ అని ఒక సైకాలజిస్ట్, మనిషిని "నువ్వెలాంటివాడివి" అని అడిగే బదులు జరిగిన ఒక సంఘటన తీసుకుని అందులో ఏం చేశాడో చూడాలని రాశారు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం కోసం చేసిన పనిలోంచి వచ్చిందది.

పద్ధతి మంచిదే, జనం దాన్ని వాడే తీరే బాలేదు. నాలుగు భాగాలున్నాయి కదా అని టైమ్‌ని నాలుగు సమాన ముక్కలు చేస్తారు, ఇంకా ఘోరం ఏంటంటే సిట్యుయేషన్‌లోనే కంపెనీ చరిత్ర, ప్రాజెక్ట్ ఆర్కిటెక్చర్, క్లయింట్ స్వభావం అన్నీ చెప్పి అసలు పనికొచ్చేసరికి "అప్పుడు సాల్వ్ చేసేశాం" అంటారు. మొత్తం జవాబు నిమిషంన్నర, రెండు నిమిషాలు అనుకోండి. పరిస్థితికి రెండు మూడు వాక్యాలు చాలు. సగానికి పైగా టైమ్ మీరు చేసినదానికి పోవాలి, అందులోనూ "ఇలా చెయ్యొచ్చు, అలా చెయ్యొచ్చు, నేను ఇలా ఎందుకు చేశానంటే" అన్న ఒక్క వాక్యం తప్పనిసరి. ఫలితం చివర్లో రెండు వాక్యాలు.

ఒకటి చూద్దాం. కస్టమర్ సపోర్ట్‌లో చేసిన ఒకమ్మాయి జవాబు అనుకోండి. మొదటి రూపం ఇలా ఉంటుంది:

"నేను సపోర్ట్ టీమ్‌లో చేసేటప్పుడు మేము టికెట్లు బాగా తగ్గించామండి, మేనేజర్ గారు కూడా చాలా మెచ్చుకున్నారు, ఆ క్వార్టర్‌లో నాకు బెస్ట్ పెర్ఫార్మర్ కూడా ఇచ్చారు."

ఇందులో అబద్ధం ఏం లేదు, కానీ రాసుకునేదీ లేదు. ఎన్ని ఉండేవి, ఎన్నికి తగ్గాయి, తగ్గించింది ఎవరు, ఏం చేస్తే తగ్గాయి? అదే అమ్మాయి కాసేపు కూర్చుని తవ్వుకుంటే ఇలా వస్తుంది:

"మా సపోర్ట్ టీమ్‌లో ఆరుగురం, రోజూ 120 దాకా టికెట్లు వచ్చేవి, సాయంత్రానికి ఓ 30 మిగిలిపోయేవి. ఇంకో మనిషిని తీసుకుందామని మేనేజర్ అన్నారు. నాకేమో ఒకే కంప్లైంట్ మళ్ళీ మళ్ళీ వస్తోందని డౌట్, అందుకని ఒక్క వారం టైమ్ అడిగి, ఆ నెలలో క్లోజ్ చేసిన టికెట్లలో 200 తీసి చదివి, ఏది దేని గురించో షీట్‌లో రాశా. అందులో 60 పాస్‌వర్డ్ రీసెట్ గురించే ఉన్నాయి. లింక్ 15 నిమిషాలకే ఎక్స్‌పైర్ అయిపోతోంది, ఆ సంగతి మెయిల్లో ఎక్కడా లేదు. టైమ్ పెంచమని టెక్ టీమ్‌ని అడిగితే సెక్యూరిటీ వల్ల కుదరదన్నారు. దాంతో వాదించకుండా మెయిల్ నేనే తిరగరాశా, 15 నిమిషాలన్న మాట మొదటి లైన్లోకి తెచ్చా, కొత్త లింక్ బటన్ దాని కిందే పెట్టించా. నెలన్నరలో రోజుకి 120 కాస్తా 90కి అటూ ఇటూగా వచ్చాయి, సాయంత్రానికి మిగలడం దాదాపు ఆగిపోయింది. కొత్త మనిషి అవసరం పడలేదు."

గమనించారా, అవార్డు ఎగిరిపోయింది, మేనేజర్ మెచ్చుకోలు పోయింది, అయినా జవాబు బరువు పెరిగింది. రెండు చోట్ల నిర్ణయం ఉంది, మనిషిని తీసుకునే ముందు చదివి చూద్దామనడం ఒకటి, టెక్ టీమ్ కుదరదన్నాక దారి మార్చుకోవడం ఇంకోటి. నాకడిగితే రెండోదే గట్టిది, ఎందుకంటే "కాదు" అన్నాక మనిషి ఏం చేస్తాడో అక్కడ బయటపడుతుంది. ఇంతా చేస్తే జరిగింది ఒక మెయిల్ మార్చడం, అంతే.

నంబర్ల సంగతి

నంబర్ చెప్పండి అని అందరూ అంటారు, ఎలాంటి నంబర్ అన్నది ఎవరూ చెప్పరు. ఒంటరి నంబర్‌కి అర్థం లేదు, ముందు ఎంత, తర్వాత ఎంత, ఎంత కాలంలో, ఈ మూడూ పక్కపక్కన ఉండాలి. గూగుల్‌లో పీపుల్ ఆపరేషన్స్ (అంటే వాళ్ళ హెచ్ఆర్ విభాగం) నడిపిన లాస్లో బాక్ రెజ్యూమెల కోసం చెప్పిన సూత్రం కూడా దాదాపు ఇదే, ఏం సాధించారు, దేంతో కొలిచారు, ఏం చేసి సాధించారు అన్నవి ఒకే వాక్యంలో రావాలని.

శాతాలతో జాగ్రత్త. ఇద్దరు కస్టమర్లు నలుగురైతే అది 100 శాతం పెరుగుదలే, కానీ "ఎంత నుంచి ఎంతకి" అని అడగ్గానే పరువు పోతుంది. చిన్న సంఖ్యలైతే చిన్నవిగానే చెప్పేయండి. కంపెనీ రహస్యాలైతే రివర్స్‌లో, అసలు అంకెలు చెప్పకుండా "దాదాపు మూడో వంతు తగ్గింది" అనొచ్చు, "అసలు ఫిగర్లు బయటపెట్టకూడదు" అని ఒక మాట అంటే మీ మీద గౌరవమే పెరుగుతుంది, రేపు వీళ్ళ రహస్యాలూ అలాగే కాపాడతారని.

కొన్ని పనులకి నంబరే ఉండదు, ఇద్దరి మధ్య గొడవ తీర్చడం, కొత్తవాళ్ళకి నేర్పడం లాంటివి. అప్పుడు వేరే ఆధారం వాడండి: ఆ పద్ధతి ఇంకో టీమ్ కూడా తీసుకుంది, ఆ క్లయింట్ తర్వాత పని కూడా మనకే ఇచ్చాడు, మీరు నేర్పినమ్మాయి ఇప్పుడు ఇంకొకరికి నేర్పుతోంది. లేని అంకె మాత్రం పుట్టించకండి, రెండో ఫాలోఅప్ ప్రశ్నకే దొరికిపోతారు.

"మేము" ఎక్కడ, "నేను" ఎక్కడ

మొహమాటం వల్ల చాలామంది మొత్తం "మేము" అనే చెప్తారు, ఇంకొందరు ఎవరో చెప్పారని ప్రతి వాక్యంలో "నేను" గుప్పిస్తారు, ఆరుగురి పని ఒక్కడే చేసినట్టు. లక్ష్యం, ఫలితం టీమ్‌వి, అక్కడ "మేము" అనండి. చేసిన పని, తీసుకున్న నిర్ణయం మీవి, అక్కడ "నేను". ఎవరి సాయం ఉందో ఒక్క ముక్క చెప్తే ఇంకా నమ్మకం కలుగుతుంది, "డేటా మా అనలిస్ట్ తీసిచ్చారు, ఏ డేటా కావాలో నేను రాసిచ్చా" అన్నట్టు.

"సక్సెస్ అంటే మీ దృష్టిలో ఏంటి"

ఇక్కడ జనం తత్వవేత్తలైపోతారు. సంతోషమే సక్సెస్, ప్రయాణమే గమ్యం అని. వినడానికి బానే ఉంటుంది, షీట్‌లో మాత్రం ఏమీ పడదు. పనికి సంబంధించిన ఒక కొలత చెప్పి, వెంటనే మీ పనిలోంచి చిన్న ఉదాహరణ ఇచ్చి ఆపేయండి, నలభై సెకన్లు చాలు. ఉదాహరణకి ఒక టెస్టర్ అయితే: "నా వరకు, రిలీజ్ అయ్యాక కస్టమర్ కంటే ముందు బగ్ మాకు దొరకడమే సక్సెస్. అందుకే పోయిన ప్రాజెక్ట్‌లో ఎన్ని టెస్ట్ కేసులు రాశామన్నది కాకుండా, బయటికెళ్ళి దొరికిన బగ్‌లెన్ని అన్నది ప్రతి రిలీజ్‌కీ లెక్క పెట్టా." కొలత వేరే మనిషికి ఉపయోగపడేదైతే బావుంటుంది, జీతం, ప్రమోషన్ చుట్టూ తిరిగేదైతే తేలిపోతుంది. డబ్బు ముఖ్యం కాదని నటించమనట్లేదు, అది ఆఫర్ మాట్లాడేటప్పుడు మాట్లాడుకోవచ్చు.

"ఆర్నెల్ల తర్వాత" రకం ప్రశ్నకి కూడా ఇదే పద్ధతి, కాకపోతే కొలత వాళ్ళ రోల్‌లోంచి తీయాలి. మొదటి నెల ఏం అర్థం చేసుకుంటారు, తర్వాత ఏ ఒక్క పని సొంతంగా నడుపుతారు, అది నడుస్తోందని దేన్ని చూసి తెలుసుకోవచ్చు. తెలీకపోతే "ఈ రోల్‌లో మీరు మొదట చక్కబడాలనుకునేది ఏంటి" అని వాళ్ళనే అడగండి, తప్పేం లేదు.

పదికి ఎన్ని అంటే ఏడో ఎనిమిదో అనేసి అక్కడ ఆగకండి. ఆ ఏడు దేనివల్ల వచ్చింది, మిగిలిన మూడు ఎక్కడ పోయాయి, వాటి కోసం ఇప్పుడేం చేస్తున్నారు, మూడు వాక్యాల్లో చెప్పేస్తే చాలు. పదికి పది అన్నా, "నేనింకా ఏమీ సాధించలేదండి" అన్నా సంభాషణ అక్కడే చచ్చిపోతుంది.

ప్రాక్టీస్

జవాబు మొత్తం రాసి బట్టీ పట్టొద్దు. ఒక్కో కథకి చిన్న కార్డు మీద అయిదారు ముక్కలు రాసుకోండి, పై ఉదాహరణకైతే "120, 30 మిగులు / 200 చదివా / 60 రీసెట్ / టెక్ కాదన్నారు / మెయిల్ మార్పు / 90" ఇంతే. దాన్ని చూసి ఫోన్‌లో రికార్డ్ చేస్తూ గట్టిగా చెప్పండి, మనసులో అనుకోవడం ప్రాక్టీస్ కాదు, నోరు తిరగాలి. మొదటి రికార్డింగ్ వినడం ఎవరికైనా చిరాకే, అయినా వినండి, నిర్ణయం ఎన్నో సెకన్‌కి వచ్చిందో చూడండి, నిమిషం దాటాక వస్తుంటే ముందుది కోసేయాలి. ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో అయితే ప్రాక్టీస్ కూడా ఇంగ్లిష్‌లోనే చెయ్యండి, కథ తెలుగులో వచ్చినంత సాఫీగా అక్కడ రాదు.

ఏఐ టూల్‌తో జవాబు రాయించుకోవడం గురించి: దాన్ని ఫాలోఅప్ ప్రశ్నలు అడిగించుకోడానికి వాడుకుంటే బాగా పనికొస్తుంది. జవాబే రాయించుకుంటే మాత్రం నున్నగా, మీది కాని గొంతుతో వస్తుంది, "ఆ షీట్‌లో ఏ కాలమ్స్ పెట్టారు" అని అడగ్గానే కూలిపోతుంది.

ఫాలోఅప్‌లు ఎలాగూ వస్తాయి. "మళ్ళీ చేస్తే ఏం మారుస్తారు", "ఎవరు ఒప్పుకోలేదు", "మీరు లేకపోతే ఏం జరిగేది", "ఆ ఫలితం మీ పని వల్లే అని ఎలా చెప్పగలరు". చివరిది కష్టమైనది, దానికి నిజాయితీ జవాబే దారి: "అదే నెలలో ట్రాఫిక్ కూడా కొంచెం తగ్గింది, కానీ రీసెట్ టికెట్లు విడిగా చూస్తే మిగతా వాటికంటే చాలా ఎక్కువ తగ్గాయి" లాంటిది. ప్రతి కథకీ ఈ నాలుగూ ముందే వేసుకుని చూడండి.

ఆ రోజు

ప్రశ్న వినగానే మూడు నాలుగు సెకన్లు ఆగడం మామూలే, "ఒక్క క్షణం ఆలోచించి చెప్తా" అనొచ్చు. పని సంగతి కావాలో పర్సనల్ సంగతి కావాలో తెలీకపోతే అడిగేయండి. పర్సనల్ అంటే మారథాన్ పరిగెత్తడం, వాయిద్యం నేర్చుకోవడం చెప్పొచ్చు, అక్కడా అంతే, ఎక్కడ ఇరుక్కున్నారు, అక్కడ ఏం మార్చారు. వీడియో ఇంటర్వ్యూలో స్క్రీన్ మీద నోట్స్ పెట్టుకుని చదివితే కళ్ళు ఎడమ నుంచి కుడికి వెళ్ళడం అవతలికి ఇట్టే తెలిసిపోతుంది, ఆ కార్డు చాలు, కెమెరా పక్కనే అంటించుకోండి.

మధ్యలో కథ తప్పిపోతే మొదటికి వెళ్ళకండి, "ఫలితం దగ్గరికి వస్తే" అని నేరుగా దూకేయండి. చెప్పడం అయ్యాక ఆపేయండి. నిశ్శబ్దం భరించలేక "అలా చేశానండీ... అంటే అంత పెద్దదేం కాదులెండి" అని చివర్లో తామే తగ్గించుకునేవాళ్ళు చాలామంది, అవతలి మనిషి అప్పటికింకా రాసుకుంటున్నాడు, అంతే.

బయటికి రాగానే, ఫోన్‌లో ఎవరికైనా చెప్పే ముందే, ఏ కథ చెప్పారు, దాని మీద ఏ ఫాలోఅప్ అడిగారు అన్నది నోట్ చేసుకోండి. తర్వాతి రౌండ్‌లో వేరే ప్యానెల్ ఉంటుంది, వీళ్ళు రాసిన నోట్స్ వాళ్ళ దగ్గర ఉండొచ్చు, అక్కడికి ఇదే కథ ఇంకో అంకెతో వెళ్తే ఇబ్బంది, కుదిరితే రెండో రౌండ్‌కి కార్డుల్లోంచి వేరే కథ తీయండి.